పాత పద్మిని అడుగంతా గీకించి నల్లపూత కొట్టించాలా?

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల తాతగారి 1978 ప్రీమియర్ పద్మిని కారు పన్నెండేళ్లుగా షెడ్డులో ఉంది, ఇప్పుడు బాగుచేయిస్తున్నారు. బండి పైన తెలుపు, తలుపు సందుల్లో మాత్రం లేత నీలం కనబడుతోంది. అడుగంతా తారులాంటి నల్లపూత, అక్కడక్కడ పెచ్చులు లేచింది. "మొత్తం గీకేసి కొత్తగా అండర్‌కోటింగ్ కొట్టేద్దాం, ఇంక పదేళ్లు కింద చూసే పనుండదు" అంటున్నాడట మెకానిక్. ఆ నలుపు కంపెనీదేనా, అసలు అడుగున ఏ రంగు ఉండాలి, ఇప్పుడేం చేయించాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. అడుగంతా పరుచుకున్న ఆ నలుపు, తర్వాత ఎప్పుడో సర్వీసింగులో కొట్టించింది అయ్యుండే అవకాశమే ఎక్కువ. లేచిపోయిన నలుపు తీయించండి. దాని కింద గట్టిగా పట్టుకుని ఉన్న పాత ప్రైమరు, పాత రంగు కనబడితే వాటిని గీకనివ్వకండి. కడిగి, బాగా ఆరబెట్టి, పైన పారదర్శకంగా ఉండే మైనపు పూత వేస్తే చాలు. తుప్పు పట్టినచోట మాత్రం మెరిసే ఇనుము దాకా వెళ్లి ఎపాక్సీ ప్రైమరు, అతుకుల్ని మూసే సీమ్ సీలరు, దాని మీద బండి రంగు. మళ్లీ అడుగంతా నల్లగా కొట్టించొద్దు. మీ మెకానిక్ చెప్పినదాంట్లో సగం సరైనదే. "పదేళ్లు చూసే పనుండదు" అన్న మాట దగ్గరే నాకు పేచీ.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డులో చేరింది 1989లో. మొదటి పదేళ్లు అన్ని బండ్లకీ నేను కూడా ఈ నల్లపూతే కొట్టాను. తెనాలి నుంచి ఒక అంబాసిడర్ వచ్చేది, పెద్ద డాక్టరుగారిది. అడుగున చిన్న చిన్న తుప్పు మచ్చలున్నాయి. వైరు బ్రష్షుతో పైపైన రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక చెయ్యి వేసి, దాని మీద మందంగా తారుపూత కొట్టి పంపించాను. చూడ్డానికి కొత్త బండిలా ఉంది. డాక్టరుగారు కింద టార్చి వేసి చూసి మురిసిపోయారు. ఆరేళ్ల తర్వాత అదే బండి క్లచ్ పనికి వచ్చింది. కింద నలుపు ఎక్కడా చెదరలేదు, నిగనిగలాడుతోంది. లోపల కార్పెట్ ఎత్తి డ్రైవరు సీటు ముందు బొటనవేలితో నొక్కితే వేలు కిందికి దిగింది. ఫ్లోర్ రేకు లేదు, నేను కొట్టిన తారు మాత్రమే ఉంది. ఆ ఆరేళ్లూ డాక్టరుగారు తారు మీద కాళ్లు పెట్టుకుని తిరిగారన్నమాట. ఆ ఫ్లోరు డబ్బు తీసుకోకుండా నా చేత్తో కట్టిచ్చాను గానీ, ఇప్పటికీ ఎవరైనా "మందంగా కొట్టండి" అంటే ఆ వేలే గుర్తొస్తుంది.

అలా ఎందుకవుతుందంటే, తారుపూత కొత్తలో మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. మన ఎండలకి, సైలెన్సరు వేడికి అందులోని తేలిక నూనెలు ఏళ్ల మీద ఎగిరిపోతాయి. మిగిలింది పెళుసుగా అయి సన్నటి పగుళ్లు ఇస్తుంది. ఒక కంకరరాయి తగిలినా చాలు, పగులు రేకు దాకా పోతుంది. అందులోంచి నీళ్లు లోపలికి వెళ్లి పూతకీ రేకుకీ మధ్య పాకుతాయి. లోపలికి వెళ్లిన నీళ్లకి బయటికి దారి ఉండదు. పూత లేని రేకైతే వాన తర్వాత ఎండకి ఆరిపోతుంది, ఈ సందులో చెమ్మ మాత్రం రోజుల తరబడి నిలిచి ఉంటుంది. పైన నలుపు అలాగే ఉండటంతో మనకి తెలియదు. తెలిసేసరికి వేలు దిగుతుంది.

ఇంకో సంగతి, పూత కంటే పూతకి ముందు చేసే పని అధ్వాన్నంగా ఉంటుంది. మామూలుగా జరిగేదేంటంటే ఉదయం ర్యాంపు మీద ప్రెషర్ వాష్, మధ్యాహ్నం గన్నుతో పూత. రేకు మీద రేకు వేసి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకుల్లోకి వెళ్లిన నీళ్లు రెండు గంటల్లో ఆరవు. వాటి మీద మూత పెట్టినట్టు పూత పడుతుంది. అది తారైనా, రబ్బరు కలిపిందైనా, "టెఫ్లాన్" అని పేరు పెట్టి అమ్మేదైనా తేడా లేదు.

"మరి కొత్త కార్ల అడుగున కూడా పూత ఉంటుంది కదా" అని చాలామంది అడుగుతారు. దాని కథ వేరు. ఈ కాలపు కార్లలో బాడీ మొత్తాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, సందుసందుకీ ప్రైమరు పట్టేలా చేస్తారు. ఓవెన్‌లో కాలుస్తారు. దాని మీద అతుకులకీ అడుగుకీ పీవీసీ పూత వేసి మళ్లీ కాలుస్తారు. శుభ్రమైన ప్రైమరు మీద పట్టిన పూత అది. నలభై ఏళ్ల మట్టి, గ్రీజు, తుప్పు మీద మనం కొట్టేదాన్ని దాంతో పోల్చకూడదు.

ఇక అసలు రంగు సంగతి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌వాళ్లు ఈ బండి కట్టిన రోజుల్లో పని ఎలా సాగేదో పాత రేకుల మీద చదువుకోవచ్చు. ఆ కాలపు బండ్లలో సాధారణంగా బాడీకి ప్రైమరు, అతుకులకి సీలరు, తర్వాత రంగు. బయట కనబడే రేకులకి రంగు చక్కగా, నిండుగా పడుతుంది. అడుగుకి అంత శ్రద్ధ ఉండదు. సిల్ (తలుపుల కింద పొడుగునా ఉండే బోలు దూలం) అంచుల్లో నిండుగా ఉన్న రంగు లోపలికి పోయేకొద్దీ పలచబడి, మధ్యలో ప్రైమరే కనబడుతుంది. గన్ను తుంపర పడ్డచోట గరుకుగా ఉంటుంది, కొన్నిచోట్ల కారిన చారలుంటాయి. చక్రాల మీది మడ్‌గార్డు లోపలి భాగాల్లో రాళ్ల దెబ్బకీ చప్పుడుకీ నల్లటి పూత వేయడం వాడుకలో ఉండేది. కాబట్టి మీ బండిలో మడ్‌గార్డుల లోపల నలుపు కనబడితే అది మొదట్నుంచీ ఉన్నదై ఉండొచ్చు. కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద, ప్రొపెల్లర్ షాఫ్టు మీద, బ్రేకు పైపుల మీద, గ్రీజు నిప్పిళ్ల మీద కూడా అదే నలుపు పడి ఉంటే మాత్రం ఎవరో బండి మొత్తాన్ని ర్యాంపు ఎక్కించి కొట్టారని తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో మామూలుగా కమాన్ కట్ట బిగించాక దాని మీంచి పూత కొట్టరు కదా.

ఇదే తేల్చే పద్ధతి. అసలు రంగు ఎప్పుడూ ఏదో ఒక వస్తువు కింద దాక్కుని ఉంటుంది. బ్రేకు పైపు పట్టుకునే క్లిప్పులు విప్పి చూడండి. బంపరు బ్రాకెట్ల వెనక, ఫ్లోరులో రబ్బరు బిరడాలు బిగించిన రంధ్రాల అంచున, రబ్బరు బంప్ స్టాపుల కింద, లోపలైతే కార్పెట్ కింద, సీటు పట్టాల కింద చూడండి. ఫ్యాక్టరీలో రంగు అయ్యాక బిగించిన ఏ వస్తువైనా తన కింద ఆ రోజు రంగుని దాచిపెడుతుంది. బందరు నుంచి వచ్చిన ఒక ఫియట్‌లో హ్యాండ్‌బ్రేకు కేబులు క్లిప్పు కింద అర్ధరూపాయంత మేర అసలు ఆకుపచ్చ దొరికింది. బండికి అప్పటికి మూడు రంగులు మారాయి, ఇంట్లో ఎవరికీ మొదటి రంగు గుర్తులేదు. ఆ మచ్చ చూసే రంగు కలిపించాం.

క్లిప్పుల కింద ఏమీ దొరక్కపోతే ఇంకో పని చేయండి. కింద ఎక్కడైనా గట్టిగా ఉన్నచోట రూపాయి బిళ్ల అంత జాగా తీసుకుని, పైనున్న తారు తుడిచేసి, 600 నంబరు వాటర్ పేపరుతో నీళ్లు పోసుకుంటూ నెమ్మదిగా గుండ్రంగా రుద్దండి. మధ్యలో ఇనుము కనబడగానే ఆపేయండి. చుట్టూ వలయాలు వలయాలుగా ఒక్కో పొర తేలుతుంది. ఇనుముకి ఆనుకుని ఉన్నది మొదటి ప్రైమరు, దాని పక్కది మొదటి రంగు, ఆ బయటివన్నీ తర్వాతి చేతులు. చెట్టు మొద్దు కోస్తే కనబడే వలయాల్లాగే. మీకు తలుపు సందుల్లో కనబడ్డ లేత నీలం కింద కూడా తేలితే ఇంక అనుమానం అక్కర్లేదు, మీ తాతగారు కొన్నది నీలం బండి. పాత ఆర్‌సీ పుస్తకం ఉంటే అందులో రంగు గడి కూడా చూడండి. ఇప్పుడు ఆర్‌సీలో తెలుపు అని ఉండి, మీరు నీలానికి మార్చాలనుకుంటే ఆర్టీఓ ఆఫీసులో ఆ మార్పు ఎక్కించుకోవాలి, అది మర్చిపోకండి.

ఆ బందరు ఫియట్ గురించి ఇంకో ముచ్చట. సముద్రపు గాలికి దాని వెనక సగం అడుగు జల్లెడ అయిపోయింది. ముందు సగం మాత్రం ఇంజను నుంచి కారిన ఆయిలు, గేర్‌బాక్సు ఆయిలు మట్టితో కలిసి అంగుళం మందాన పట్టేసి ఉంది. కిరసనాయిలు పెట్టి ఆ మడ్డి తీస్తే లోపల ప్రైమరు నిన్న కొట్టినట్టుంది! ఏళ్ల తరబడి "ఆయిలు లీకు" అని తిట్టుకున్న బండిని ఆ లీకే కాపాడింది. అలాగని కాలిపోయిన ఇంజనాయిలు కింద కొట్టించమని కాదు. కొన్ని సర్వీసింగ్ షెడ్లలో డీజిల్, పాత ఆయిలు కలిపి కొట్టే అలవాటు ఇంకా ఉంది. అది రబ్బరు బుష్‌లనీ బ్రేకు హోసులనీ ఉబ్బించి పాడుచేస్తుంది. కాలిన ఆయిల్లో ఆమ్లాలుంటాయి, ఒంటికీ మంచిది కాదు. పైగా తర్వాత ఎప్పుడైనా రంగు వేద్దామంటే ఆ అతుకుల్లోంచి నూనె ఊరుతూనే ఉంటుంది, రంగులో చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడి విరిగిపోతుంది.

ఇక పని ఎలా చేయించాలో. గీకేముందు తట్టి చూడండి. స్క్రూడ్రైవరు పిడితో ఫ్లోరంతా జానెడు జానెడుకీ తట్టుకుంటూ పోతే, మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు దబ్బుమంటుంది. దబ్బుమన్నచోట సుద్దముక్కతో గుండ్రం చుట్టండి. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడటానికి మొహమాటపడొద్దు. అక్కడ చిల్లు పడితే అది మీరు చేసిన చిల్లు కాదు. సిల్ చివర్లు, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్ కట్ట షాకిల్ బిగించే చోటు, ముందు సీట్ల పాదాల దగ్గర, బ్యాటరీ తొట్టి కింద మరీ జాగ్రత్తగా చూడండి. పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. సిల్ కుళ్లితే అందం పోవడం కాదు, బండి నడుమే విరుగుతుంది. అంబాసిడరు కూడా ఇంతే. స్టాండర్డ్ హెరాల్డ్, జీపు లాంటివాటికి విడి ఛాసిస్ ఉంటుంది గనక వాటి లెక్క వేరు, వాటి గురించి ఇక్కడ రాయను.

నలుపు తీయడానికి హీట్ గన్, వెడల్పు స్క్రేపరు మంచి జోడీ. వేడికి తారు మెత్తబడి పెరుగు మీద మీగడలా లేచి వస్తుంది, మిగిలిన మరకని కిరసనాయిలు గుడ్డతో తుడవొచ్చు. పాత రంగుని కాపాడుకోవాలంటే థిన్నరు జోలికి పోకండి, అది తారుతో పాటు రంగునీ కరిగిస్తుంది. బాగా ఎండిపోయిన తారు అయితే ఒక్కోసారి వేడి కూడా అక్కర్లేదు, స్క్రేపరుతో గిల్లితే పెచ్చులుగా ఊడుతుంది. ఇద్దరు మనుషులకి ఓపికగా వారం పని. మెకానిక్ ఒక్కరోజులో అయిపోతుందంటే గ్రైండరు పెడతాడని అర్థం, అప్పుడు మీ నీలం రంగు కూడా పొడైపోతుంది. హీట్ గన్ పట్టుకునేముందు పెట్రోల్ ట్యాంకు దింపించి, పైపు ఖాళీ చేయించి, బ్యాటరీ తీసి బయట పెట్టించండి. కిరసనాయిలు గుడ్డ, హీట్ గన్ ఒకేసారి బండి కింద ఉండకూడదు. ఇది రాయక్కర్లేదు అనిపిస్తుంది గానీ, ఆటోనగర్‌లో ఉన్నవాళ్లకి రాయాలనే అనిపిస్తుంది.

అప్పటి ప్రైమర్లలో, రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గ్రైండ్ చేసి ఆ దుమ్ము పీల్చొద్దు. తడిపి రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి. ఇంటి ఆవరణలో పిల్లలు తిరిగేచోట ఈ పని అసలు పెట్టుకోకండి.

శాండ్ బ్లాస్టింగ్ గురించి కూడా అడుగుతారు. లారీ ఛాసిస్‌కి, జీపు ఛాసిస్‌కి అది బ్రహ్మాండం. పద్మిని ఫ్లోరు రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. దాన్ని లారీకి పెట్టినట్టు పెడితే రేకు అప్పడంలా మెలికలు తిరుగుతుంది. ఇసుక సిల్ లోపలికి చేరితే అది బయటికి రాదు, చెమ్మ పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. విడదీసి తెచ్చిన సస్పెన్షన్ ఆర్ములు, బ్రాకెట్ల వరకు చేయించుకోండి, చాలు. అంబాసిడర్ వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: ముందున్న టార్షన్ బార్ల మీద స్క్రేపరు గీట్లు పడనివ్వకండి, హీట్ గన్నో గ్యాసో తగలనివ్వకండి. ఆ గీటు దగ్గరే ఎప్పటికో పగులు మొదలవుతుంది.

చిల్లులు పడ్డ రేకుని కోసేయాలి. కోత మంచి ఇనుము వచ్చేదాకా పోవాలి, తర్వాత అదే మందం రేకుతో సీఓ2 వెల్డింగ్. కుళ్లిన రేకు మీదే ఇంకో రేకు పరిచి చుట్టూ టాకాలు పెట్టడం, సందుల్లో లప్పం పూయడం మనవాళ్లకి బాగా అలవాటు. అడుగున లప్పం వద్దే వద్దు. అది చెమ్మని పీల్చుకుంటుంది. ఒక బండికి ఫ్లోరు తీస్తే ప్యాచ్ మీద ప్యాచ్ నాలుగు పొరలు వచ్చాయి, మధ్యమధ్యలో లప్పం. ఉల్లిపాయ ఒలిచినట్టే ఒలిచాం, ఏడుపు ఒక్కటే తక్కువ.

మెరిసే ఇనుము బయటపడ్డాక మన ఊళ్లో టైము చాలా తక్కువ. వర్షాకాలంలో అయితే గంటల్లోనే రేకు మీద పసుపు తేలుతుంది. చేతి చెమట తగిలినచోట వేలిముద్రలతో సహా తుప్పు వస్తుంది, గ్లవ్స్ వేసుకోమనండి. మూల మూలల్లో రాకుండా మిగిలిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు. అందులో సాధారణంగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి పని అయ్యాక డబ్బా మీద రాసినట్టు కడిగి తీరాలి. ఆ ఆమ్లం మిగిలిపోయి ఉంటే పైన వేసే ఎపాక్సీ పట్టుకోదు, కొన్నాళ్లకి కాగితంలా లేస్తుంది.

తర్వాత రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు, రెండు చేతులు. పాతకాలపు రెడ్ ఆక్సైడ్‌కి నేను వ్యతిరేకిని కాదు, కిటికీ చువ్వలకి అది చాలు. కానీ అది నీటిని పూర్తిగా ఆపదు, పైన ఇంకో పూత పడకుండా వదిలేస్తే లోపలికి చెమ్మ పీలుస్తుంది. ఎపాక్సీ చెమ్మకి గోడ కడుతుంది. "జింక్ ప్రైమరు ఇంకా గొప్పది కదా" అంటారు. గొప్పదే, అయితే జింకు తాను కరిగిపోతూ ఇనుముని కాపాడాలంటే అది ఇనుముని నేరుగా తాకి ఉండాలి. రెడ్ ఆక్సైడ్ మీద, పాత రంగు మీద జింక్ ప్రైమరు కొట్టించుకున్నవాళ్లు డబ్బు ఖర్చుపెట్టి బూడిద రంగు కొనుక్కున్నట్టు. అది వెల్డింగ్ అతుకుల మధ్య, రెండు రేకులు కలిసేచోట వాడండి.

వరస మాత్రం మారకూడదు: ఎపాక్సీ ముందు, సీమ్ సీలరు దాని మీద, రంగు ఆఖర్న. సీలరుని ఉత్త ఇనుము మీద పూస్తే దాని కిందనుంచి తుప్పు పాకుతుంది. ఎపాక్సీ వేశాక ఎన్ని గంటల నుంచి ఎన్ని రోజుల్లోపు తర్వాతి చెయ్యి వేయాలో డబ్బా మీద ఉంటుంది. ఆ గడువు దాటితే రుద్ది వేయాలి.

వాతావరణం గురించి రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ప్రైమరు వేయకూడదు. రేకు వేడి, గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, లేకపోతే కంటికి కనబడని చెమ్మ మీద రంగు పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఓపెన్ షెడ్డులో ఈ పని పెట్టుకోకండి. అలాగని మే నెల మధ్యాహ్నమూ వద్దు. రేకు కాలిపోతుంటుంది, గన్నులోంచి వచ్చిన రంగు రేకుని తాకేలోపే ఆరిపోయి గరుకుగా పొడిలా పడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నరు వాడి, పొద్దున ఎనిమిదీ పదీ మధ్య కొట్టడం నా అలవాటు. సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది లోపల అన్నిటికంటే మంచి కాలం, మంచు పూర్తిగా విడిచాక మొదలుపెట్టాలి.

పైన వేసే రంగు హార్డెనరు కలిపే పీయూ (పాలీయురేథేన్) అయితే మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. గుంటూరువాళ్లకి మిర్చి ఘాటు కొత్త కాదు, కానీ మిర్చి కనీసం తుమ్ము తెప్పించి హెచ్చరిస్తుంది. హార్డెనరులోని ఐసోసయనేట్ ముక్కుకి తెలియకుండానే ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది, ఒకసారి ఉబ్బసం తగులుకుంటే జీవితాంతం పెయింటు పనికి దూరమే. నా దగ్గర పనిచేసిన ఒక మంచి పెయింటరు ఇలాగే పని మానేసి ఇప్పుడు సోడా బండి నడుపుకుంటున్నాడు.

అసలు రంగు వేసేటప్పుడు ఒక సలహా. అడుగుని అద్దంలా మెరిపించకండి. మీ నీలాన్ని అంచుల్లో నిండుగా, లోపలికి పోయేకొద్దీ పలచగా, ప్రైమరు మీద తుంపరలా పడనిస్తే అది 1978 బండిలా ఉంటుంది. మొత్తం నున్నగా కొట్టి క్లియరు కోటు వేస్తే షోకేసులో బొమ్మలా ఉంటుంది. తెలిసినవాళ్లు కిందికి వంగి చూసి నవ్వుకుంటారు. మడ్‌గార్డుల లోపల మాత్రం రాళ్ల దెబ్బకి ఎపాక్సీ మీద స్టోన్ గార్డు పూత వేయించండి, పలచగా, రేకు ఆకారం కనబడేలా. కమాన్ కట్టలు, జాయింట్లు, నిప్పిళ్లు, రబ్బర్లు, హ్యాండ్‌బ్రేకు కేబులు, సైలెన్సరు అన్నిటికీ ముందే పేపరు చుట్టించండి.

ఛాసిస్ నంబరు పంచ్ చేసిన చోటు సంగతి వేరే చెప్పాలి. అక్కడ గ్రైండరు పెట్టనివ్వకండి, మందపు పూత కొట్టనివ్వకండి. ఆర్‌సీ రెన్యువల్‌కి వెళితే అక్కడే చూస్తారు, పెన్సిలు ప్రింటు తీస్తారు. అక్షరం అరిగిపోయిందంటే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ మీదే. పైగా 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచిన బండికి వీఏ అక్షరాలతో విడి నంబరు ఇస్తారు. మీది 1978లో రిజిస్టరైందే అయితే 2028కి ఆ వయసు వస్తుంది. అందుకే పని మొదలుపెట్టిన రోజు నుంచి ప్రతి దశలో ఫోటోలు తీసి దాచుకోండి. ఎక్కడ ఎంత రేకు మార్చారో, ఏ ఆకారంలో మార్చారో చూపించుకోవడానికి పనికొస్తుంది.

అన్నీ అయ్యాక మైనం. సిల్ లోపల, బోలుగా ఉండే బాక్సు సెక్షన్లలో పొడవాటి గొట్టం నాజిలుతో క్యావిటీ వాక్సు కొట్టించాలి. గట్టిగా ఉన్న పాత రంగు మీద పలచని పారదర్శక వాక్సు గానీ, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ గానీ చాలు. లానోలిన్‌కి మొదటి వారం గొర్రెలమంద వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి. మన ఎండలకి మైనం కరిగి కిందికి చుక్కలు పడుతుంది, అట్టపెట్టెలు పరవండి. పడుతోందంటే నీళ్లు కారే రంధ్రాలు తెరిచే ఉన్నాయని కూడా అర్థం.

సిల్‌ల కింద, తలుపుల కింద ఉన్న నీళ్లు కారే రంధ్రాల్ని పూత పని అయ్యాక ఒక్కొక్కటీ తీగతో పొడిచి చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు మునిగిన బండ్లు రెండు నెలలపాటు మా షెడ్డుకి వస్తూనే ఉన్నాయి. వాటిలో ఒక పాత బండికి అండర్‌కోటింగ్ చాలా అందంగా ఉంది, ఆ అందంతోనే సిల్ రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. వరద తీసిన ఇరవై రోజులకి నేను డ్రిల్లు పెడితే సిల్‌లోంచి బకెట్టెడు బురదనీళ్లు వచ్చాయి. దాని పక్కనే ఉన్న ఇంకో బండికి కింద ఏ పూతా లేదు, రంధ్రాలు తెరిచి ఉన్నాయి. గొట్టం పెట్టి లోపలి ఒండ్రు కడిగి, కంప్రెసరు గాలి కొట్టి, వారం ఎండలో ఉంచితే తేరుకుంది.

మైనం శాశ్వతం కాదు. ఏటా వర్షాలకి ముందు, అంటే మే చివర్లో ఒకసారి ర్యాంపు ఎక్కించి చూసుకుని, పోయినచోట మళ్లీ రాయాలి. అరపూట పని. మీ మెకానిక్‌కి ఇది నచ్చకపోవచ్చు, ఎందుకంటే ఒకేసారి పెద్ద బిల్లు రాదు. కానీ బండికి తుప్పు మచ్చ ఎక్కడ మొదలైనా ఆ ఏడాదే మీ కంటబడుతుంది, వాటర్ పేపరుతో, చిన్న బ్రష్షుతో పోతుంది.

లోపలి ఫ్లోరు మీద చప్పుడు తగ్గడానికి అతికించిన తారు షీట్లు ఉంటే వాటిని కూడా గీకేయమంటారేమో, తొందరపడొద్దు. తట్టి చూడండి, గట్టిగా అంటుకుని ఉంటే ఉంచేయండి. అంచు లేచినవి, దబ్బుమన్నవి మాత్రం తీయండి.

మీరు ముందు హ్యాండ్‌బ్రేకు కేబులు క్లిప్పులు, వెనక బంపరు బ్రాకెట్లు విప్పించండి. వాటి కింద నీలం కనబడిందో, ఇంకేదైనా కనబడిందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి పగటి వెలుతురులో తీస్తే రంగు సరిగ్గా తెలుస్తుంది. ఎంతవరకు గీకించాలో అది చూశాక చెబుతాను.